బెంగళూరులోని తెలుగు పిల్లలకు లైంగిక ఆరోగ్య సమాచారం ఫోనులో అందించాలంటే ఏ పద్ధతి మేలు?

ప్రశ్న: హిందూపురం అక్క, మహదేవపుర

అందరికీ నమస్కారం. పదకొండేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాను. మా తెలుగు సంఘం పండుగలు, వనభోజనాలు చేయడంతో పాటు, ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు పీజీ చూపించడం, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళడం వంటి పనులు కూడా చూసుకుంటుంది. అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుంచి ఉద్యోగానికో, కోచింగ్‌కో వచ్చిన పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ళ వారే ఆ పిల్లల్లో ఎక్కువ.

సంక్రాంతి వెళ్ళిన మూడు వారాలకు ఒక పీజీ యజమాని ఫోన్ చేసి, మేము చేర్పించిన అబ్బాయి రెండు నెలలుగా అద్దె కట్టలేదని చెప్పారు. గదికి వెళ్ళి చూస్తే మంచం కింద సంచిలో నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు, ఒక నూనె సీసా కనిపించాయి. డబ్బాల మీద మందు పేరు గానీ, తయారైన తేదీ గానీ లేవు. 'ఉదయం', 'రాత్రి' అని పెన్నుతో రాసిన కాగితం ముక్కలు మాత్రం అంటించి ఉన్నాయి. నిద్రలో స్ఖలనం అవుతోందని భయపడి ఆ అబ్బాయి ఫోనులో 'నరాల బలహీనత' అని వెతికాడట. ఒక వీడియో, ఆ వీడియో కింద ఒక వాట్సాప్ నంబరు దొరికాయి. అవతలి వ్యక్తి మూడు ప్రశ్నలు అడిగి, పెళ్ళికి పనికిరాకుండా పోతావని బెదిరించి, రెండు విడతల్లో పద్దెనిమిది వేల రూపాయలు తీసుకున్నాడు. ఆ వయసు మగపిల్లలకు అది సహజమేననీ, దానివల్ల ఒంట్లో శక్తి పోదనీ అంతవరకు అతనికి ఒక్కరూ చెప్పలేదు. ఇంటర్‌లో బైపీసీ చదివిన పిల్లవాడు. పునరుత్పత్తి వ్యవస్థ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు కూడా తెచ్చుకున్నాడు.

ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు. మా సంఘంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఉన్నారు, నర్సులు ఉన్నారు. తెలుగులో, ఫోనులోనే, అడిగిన ప్రశ్నకు నమ్మదగిన జవాబు చెప్పి, అవసరమైతే సరైన ఆసుపత్రికి దారి చూపించేది ఏదైనా మేమే తయారు చేయగలమా అని ఆలోచిస్తున్నాం. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో కిశోర వయస్కుల కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టిందనీ, 2017లో దాని కింద 'సాథియా సలాహ్' అనే యాప్ తెచ్చిందనీ చదివాను. పాపులేషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా వారి 'స్నేహాయ్' చాట్‌బాట్ కూడా చూశాను. చక్కటి ప్రయత్నమే, కానీ అది హిందీ, ఇంగ్లీషు కలిసిన భాషలో మాట్లాడుతుంది; ధర్మవరం నుంచి వచ్చిన పిల్లవాడికి అందులో సగం అందదు. మేము యాప్ చేయాలా, వాట్సాప్‌లో నడిచేది చేయాలా, లేక మరేదైనా మార్గం ఉందా? ఈ పనిలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


జవాబు: పాత కౌన్సెలర్, కె.ఆర్. పురం

నమస్కారం అక్కా. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ పరీక్ష, సలహా కేంద్రంలో తొమ్మిదేళ్ళు కౌన్సెలర్‌గా పనిచేశాను. మీ దగ్గరికి వచ్చిన అబ్బాయి వంటివారిని నేను వందలమందిని చూశాను. వీర్యం పోతే ప్రాణం పోతుందన్న ఈ భయానికి 1960లోనే మనోవైద్యులు ఎన్.ఎన్. విగ్ 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అప్పట్లో బస్టాండు గోడల మీద ఉండే ఆ ప్రకటనలు ఇప్పుడు పిల్లల దిండు కింద ఉన్న ఫోనులోకి వచ్చాయి. కాబట్టి మీరు చేయబోయేది ఆ ప్రకటన కనిపించే చోటనే, ఆ ప్రకటన వాడే మాటతోనే కనిపించాలి. 'స్వప్నస్ఖలనం' అని శీర్షిక పెడితే ఎవరికీ దొరకదు. 'నరాల బలహీనత' అని వెతికినవాడికి ముందు మీ జవాబు దొరకాలి.

యాప్ కంటే, చాట్‌బాట్ కంటే ముందు తేల్చుకోవలసినది ఈ మాటల సంగతే. మా కేంద్రానికి వచ్చిన తెలుగు ఆడపిల్లలు ఎవరూ 'యోని స్రావం' అనలేదు; 'తెల్లబట్ట అవుతోంది' అన్నారు, లేదా 'వేడి చేసింది' అని ఊరుకున్నారు. నెలసరి ఆలస్యమైతే 'నెల తప్పింది' అంటారు, 'డేట్ రాలేదు' అంటారు. మగపిల్లలు 'గజ్జల్లో బిళ్ళలు కట్టాయి', 'ఒంటికి పోసేటప్పుడు మంట' అని చెప్పి తల వంచుకునేవారు. సుఖవ్యాధి అన్న పదం పలకడానికే చాలామందికి నోరు రాదు. ఈ మాటలన్నీ పోగుచేసి, ఒక్కో మాటకు ఎదురుగా వైద్యులు సరిచూసిన జవాబు రాయించండి. ఆ పని అయితే మీ పని సగం అయినట్లే.

మిగిలిన సగం ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉంది. కర్ణాటకలో కిశోర వయస్కుల కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో నడిపే వాటిని స్నేహ క్లినిక్‌లు అంటారు. సుఖవ్యాధులకు చికిత్స చేసేవి సురక్ష క్లినిక్‌లు. వాటిలో మందులు ఉచితం. రంగును బట్టి గుర్తించే కిట్లలో ఇస్తారు. మూత్రమార్గం నుంచి చీము వస్తుంటే బూడిదరంగు కిట్, తెల్లబట్ట ఇబ్బందికి ఆకుపచ్చ కిట్ ఇస్తారు. ఇంత ఏర్పాటు ఉన్నా, మన పిల్లలు ఓపీ చీటీ కౌంటర్ దాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవారు. వరుసలో నిలబడిన పదిమంది వింటుండగా 'ఏను తొందరె?' (ఏమిటి ఇబ్బంది?) అని కన్నడలో గట్టిగా అడిగితే ఏం చెప్పాలో వారికి తెలియదు. మీరు చేసేదానిలో ఆసుపత్రి పేరుతో ఆగిపోకుండా, ఏ గేటు నుంచి వెళ్ళాలి, ఎన్నో నంబరు గది, ఏ రోజుల్లో ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుంది అన్న వివరాలు మీ కార్యకర్తలు స్వయంగా వెళ్ళి చూసి పెట్టాలి. 'ఐసీటీసీ ఎల్లిదె?' (ఐసీటీసీ ఎక్కడుంది?) అన్న రెండు ముక్కలు తెలుగు లిపిలో రాసి పెడితే చాలు, రోగం పేరు ఎవరికీ చెప్పకుండా సరైన గదికి చేరుకోగలరు. చెప్పడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఆ ఒక్క వాక్యం తెలియక చికిత్స మానుకున్నవారిని నేను చూశాను.

మరొక విషయం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. హెచ్ఐవీ సోకే ప్రమాదం జరిగిందని భయం ఉన్నవారికి నివారణ మందులు 72 గంటల లోపల మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. శుక్రవారం రాత్రి జరిగితే సోమవారం రాత్రికి గడువు తీరిపోతుంది, మధ్యలో ఆదివారం వస్తుంది. అందువల్ల 'ఎప్పుడు జరిగింది?' అన్న ప్రశ్నే మొదటి తెర మీద ఉండాలి. మూడు రోజుల లోపు అయితే మిగతా పాఠాలేవీ చూపించకుండా పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళమని, 1097కు ఫోన్ చేయమని చెప్పాలి. అది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వారి ఉచిత నంబరు. మూడు రోజులు దాటితే పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో చెప్పాలి. సంఘటన జరిగిన మర్నాడే పరీక్ష చేయించుకుని, ఏమీ లేదని వచ్చిందని నిశ్చింతగా ఉండేవారు ఎందరో. వైరస్ సోకిన తర్వాత ప్రయోగశాలలో చేసే నాలుగో తరం పరీక్షలో (వైరస్ భాగాన్నీ, దానికి ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలనూ కలిపి చూసేది) కనబడడానికి 18 నుంచి 45 రోజులు, ఒక్క యాంటీబాడీలనే చూసే పరీక్షలో కనబడడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది.


జవాబు: కోడ్ రాసేవాడు, బెళ్ళందూరు

కౌన్సెలర్ గారు చెప్పినదానికి సాంకేతిక వైపు నుంచి కొంత చేరుస్తాను. నేను ఒక ఆరోగ్య యాప్ బృందంలో నాలుగేళ్ళు పనిచేశాను. మొదటి నెలలోనే మేము చేసిన పొరపాటు ఒకటి ఉంది. అపాయింట్‌మెంట్ గుర్తుచేసే సందేశంలో క్లినిక్ విభాగం పేరు పూర్తిగా వచ్చేది. ఫోను తాళం వేసి ఉన్నా ఆ వరుస తెర మీద కనబడేది. భోజనాల బల్ల మీద పెట్టిన ఫోనులో అది తల్లి చదివిందని, ఇకమీదట తనకు ఏ సందేశమూ పంపవద్దని ఒక అమ్మాయి మాకు రాసింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంది. మీరు ఏది చేసినా, మీ వైపు నుంచి ముందుగా ఒక్క సందేశం కూడా పంపకండి.

వాట్సాప్ విషయం: అందరి దగ్గరా ఉంటుంది, వాడడం నేర్పనక్కరలేదు. అయితే రహస్యంగా ఉంటుందన్న భరోసా మాత్రం మీరు ఇవ్వలేరు. సందేశాలు దారిలో ఎవరూ చదవలేరన్నది నిజమే గానీ, అవతలి చివర ఉన్నది మీ సంఘం, మీ కోసం ఆ బాట్‌ను నడిపే సంస్థ. అడిగినవారి నంబరు, అడిగిన ప్రశ్న రెండూ అక్కడ పక్కపక్కనే చేరతాయి. యాప్ అయితే ఫోనులో దాని గుర్తు కనబడుతుంది, గదిలో స్నేహితుడు ఫోను తీసుకుంటే మొదట కనిపించేది అదే. నా అభిప్రాయంలో లాగిన్ అవసరం లేని, పేరు గానీ నంబరు గానీ అడగని మామూలు వెబ్ పేజీలే మీకు మేలు. వాటి చిరునామాలో 'సెక్స్', 'ఎయిడ్స్' వంటి మాటలు ఉండకూడదు. ఒక్కసారి నొక్కితే వాతావరణం పేజీకో, క్రికెట్ స్కోరుకో మారిపోయే బొత్తాం ప్రతి పేజీ మీదా ఉండాలి. ఎంతమంది చూశారో లెక్కపెట్టడానికి బయటి సంస్థల కోడ్ పెట్టాలనే కోరిక కలుగుతుంది, పెట్టకండి. నెలసరి లెక్కించే 'ఫ్లో' యాప్ ఆడవారి ఆరోగ్య వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు పంపిందన్న ఆరోపణ మీద 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి రావలసి వచ్చింది. మన దేశంలోనూ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండనివారిని పిల్లలుగానే లెక్కించి, వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలనీ, వారి కదలికలను గమనించకూడదనీ చెబుతోంది. ఏ సమాచారమూ తీసుకోకపోతే, పోగొట్టుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఇక కృత్రిమ మేధ. అప్పటికప్పుడు జవాబు అల్లి చెప్పే చాట్‌బాట్‌ను ఈ పనికి పెట్టవద్దని నా గట్టి మనవి. తెలుగును ముందు ఇంగ్లీషులోకి మార్చుకుని పనిచేసే ఒకదానిలో 'తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది' అని రాసి చూశాను. బట్టలు ఎలా ఉతకాలో చెప్పింది. 'నెల తప్పింది' అంటే క్యాలెండర్ సరిచూసుకోమంది. అటువంటి తప్పు అయితే పిల్లలు వెంటనే గుర్తుపడతారు. మాత్ర మోతాదు, గంటల లెక్క వంటివి తప్పు చెబితే గుర్తుపట్టలేరు, అసలు భయం అక్కడ. యంత్రం చేయవలసిన పని ఒక్కటే: పిల్లలు ఎలా రాసినా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా, కౌన్సెలర్ గారు చెప్పిన జాబితాలో దానికి దగ్గరగా ఉన్న ప్రశ్నను వెతికి, వైద్యులు రాసిన జవాబును అక్షరం మార్చకుండా చూపించడం. దొరకకపోతే దొరకలేదని చెప్పి 1097 చూపించాలి. చదవడం ఇష్టం లేనివారికి అదే జవాబు వినిపించే బొత్తాం కూడా పెట్టవచ్చు.


జవాబు: చివరి సంవత్సరం విద్యార్థిని, మారతహళ్ళి

వినిపించే జవాబుల గురించి ఒక మాట అన్నయ్యా. మా గదిలో నలుగురం ఉంటాం. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా 'ఏం వింటున్నావే?' అని ఒకటి లాక్కుంటారు. మాకు చదువుకునేదే కావాలి, అది కూడా చిన్నగా, ఒక తెరలో అయిపోయేలా ఉండాలి. ఇంకొక చిక్కు ఎవరూ చెప్పలేదు. నేను వాడే ఫోన్ మా అన్నయ్యది; మెయిల్ ఖాతా కూడా తనదే. నేను ఇక్కడ యూట్యూబ్‌లో గర్భనిరోధక మాత్రల గురించి ఒక వీడియో చూస్తే, కడపలో మా ఇంటి టీవీలో అలాంటి వీడియోలే వరుసగా వచ్చాయి. నాన్న టీవీ ఆపేశారని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అందుకే వీడియోలు చేసినా యూట్యూబ్‌లో మాత్రమే పెట్టకండి. ఖాతా మార్చడం, చూసినవాటి చరిత్ర తుడవడం ఎలాగో మొదటి పేజీలోనే నేర్పండి.

అక్క రాసిన ప్రశ్న అబ్బాయితో మొదలైంది కాబట్టి ఆడపిల్లల సంగతి కూడా చెబుతున్నాను. మాకు అన్నిటికంటే ఎక్కువ భయం నెల తప్పినప్పుడు. నాకు తెలిసిన అమ్మాయికి ఇరవై ఒక్క ఏళ్ళు. ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళితే భర్త సంతకం కావాలన్నారు, లేకపోతే తల్లిదండ్రులను తీసుకురమ్మన్నారు. తను ఏడుస్తూ తిరిగి వచ్చి, ఎవరో చెప్పిన మాత్రలు మింగి, రక్తం ఆగక మూడో రోజు అర్ధరాత్రి ఆసుపత్రిలో చేరింది. ప్రాణం దక్కింది. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి తన అంగీకారం ఒక్కటే చాలనీ, 2021లో గర్భస్రావ చట్టాన్ని సవరించినప్పుడు 'వివాహిత స్త్రీ, ఆమె భర్త' అన్న మాటలు తీసేసి 'ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి' అని రాశారనీ, ఆ చట్టం కింద పెళ్ళి కానివారికీ సమానమైన హక్కు ఉందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందనీ నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు క్లినిక్ మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆ రెండు వాక్యాలు తెలుగులో ఫోనులో కనిపించి ఉంటే, తను ఇంకో ఆసుపత్రికి వెళ్ళి ఉండేది. అత్యవసర గర్భనిరోధక మాత్ర 72 గంటల లోపల, ఎంత త్వరగా అయితే అంత త్వరగా వేసుకోవాలనీ, అప్పటికే గర్భం నిలిచి ఉంటే అది పనిచేయదనీ కూడా మా హాస్టల్లో చాలామందికి తెలియదు. ఆ మాత్రా, గర్భస్రావం మాత్రా రెండూ ఒకటే అనుకుంటున్నారు.


జవాబు: ఇద్దరు పిల్లల తండ్రి, హొరమావు

మీ అందరి ఉద్దేశం మంచిదేనని నాకు అర్థమవుతోంది. అయినా అడగకుండా ఉండలేకపోతున్నాను. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ఇటువంటి పేజీలు ఏ అడ్డూ లేకుండా అందరికీ తెరిచి ఉంటే పదిహేనేళ్ళ పిల్ల కూడా చదువుతుంది. చెప్పకూడని వయసులో చెబితే లేని ఆలోచనలు కలిగించినట్లు కాదా? 2007లో బడుల్లో ఈ లైంగిక విద్య పాఠాలను కర్ణాటకతో సహా కొన్ని రాష్ట్రాలు ఆపేసింది కూడా ఈ భయంతోనే కదా? తల్లిదండ్రులుగా మేము చెప్పవలసిన మాటలను ముక్కూ మొహం తెలియనివారు ఫోనులో చెప్పడం నాకు మింగుడు పడడం లేదు.


జవాబు: పాత కౌన్సెలర్, కె.ఆర్. పురం

అయ్యా, మీ బాధను తేలికగా తీసుకోను. నాకూ ఒక కూతురు ఉంది. ఈ విద్య వల్ల పిల్లలు తొందరపడతారా అన్నదాని మీద అనేక దేశాల్లో అధ్యయనాలు జరిగాయి. వాటిని పరిశీలించిన యునెస్కో, 2018లో సవరించి ప్రచురించిన మార్గదర్శకాల్లో, దీనివల్ల లైంగిక చర్య గానీ, ప్రమాదకరమైన ప్రవర్తన గానీ పెరగడం లేదని తేల్చింది. మా అమ్మాయికి నేను కౌన్సెలర్‌నైనా కొన్ని మాటలు నోటితో చెప్పలేకపోయాను. చదివిన తర్వాత నా దగ్గరికి వచ్చి అడిగితే మాత్రం చెప్పగలిగాను. మీరు కూడా ఆ పేజీలు ముందుగా చదివి, మీ అమ్మాయికి మీ చేతులతోనే ఇవ్వవచ్చు.

మీ మాటలో పూర్తిగా న్యాయమైనది ఒకటి ఉంది. పద్దెనిమిదేళ్ళ లోపువారి విషయంలో పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టాన్ని మరవకూడదు. మైనరుతో లైంగిక చర్య జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టంలోని 19వ సెక్షన్ అంటుంది. కాబట్టి అక్కా, మీ పేజీలో మనుషులతో మాట్లాడే ఏర్పాటు పెడితే, పిల్లలు తమ కథ చెప్పడం మొదలుపెట్టకముందే ఆ సంగతి సూటిగా చెప్పాలి. చదువుకోవడానికి వయసు అడగనక్కరలేదు. మాట్లాడేచోట మాత్రం ఎదుటివారికి ఉన్న బాధ్యత ఏమిటో తెలియాలి. ఎవరైనా బలవంతం చేస్తున్నారనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి, మనసు తట్టుకోలేని స్థితిలో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కి ఫోన్ చేయమని అక్కడే రాయండి. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. మైనరు బాలిక గర్భస్రావానికి వస్తే, ఆమె, ఆమె సంరక్షకులు కోరిన పక్షంలో వైద్యులు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కరలేదని ఆ చెల్లెలు ప్రస్తావించిన 2022 తీర్పులోనే ఉంది. ఇది ఆ తల్లిదండ్రులకు కూడా తెలియాలి.


తిరిగి: హిందూపురం అక్క, మహదేవపుర

అందరికీ చేతులెత్తి నమస్కారం. రెండు రోజులు మా వాళ్ళతో కూర్చుని మాట్లాడాను. యాప్ ఆలోచన మానేశాం. లాగిన్ లేని పేజీలతో, చదువుకునే జవాబులతోనే మొదలుపెడతాం. మొదటి తెర మీద '72 గంటలు' ఉంటుంది. మాట్లాడే ఏర్పాటును ప్రస్తుతానికి పెట్టుకోవడం లేదు, ఎందుకంటే పోక్సో విషయంలో మా కార్యకర్తలకు శిక్షణ లేదు. జవాబులు సరిచూడడానికి ఒక స్త్రీవైద్య నిపుణురాలు, ఒక చర్మ, సుఖవ్యాధుల వైద్యుడు ఒప్పుకున్నారు. వచ్చే రెండు వారాల్లో, ఆదివారం కాకుండా పనిరోజుల్లో సెలవు పెట్టి, కె.ఆర్. పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్ళి గదుల నంబర్లు, వేళలు రాసుకుని వస్తాం. హొరమావు తండ్రిగారు బయట పెట్టకముందు పేజీలన్నీ చదివి చూస్తామన్నారు. వారు అభ్యంతరం చెప్పినచోట మళ్ళీ మాట్లాడుకుంటాం.

డబ్బాల అబ్బాయి తన పేరు లేకుండా తన కథను మొదటి పేజీలో పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఆ పేజీకి 'నరాల బలహీనత' అనే శీర్షిక పెడుతున్నాం.

మాటల జాబితా మాత్రం ఇంకా చిన్నదిగానే ఉంది. నెలసరిని మా వైపు 'బయటుంది' అంటారు, కొందరు 'ముట్టు' అంటారు, 'దూరం' అంటారు. మీ మీ ఊళ్ళలో పిల్లలు ఈ ఇబ్బందులను ఏ మాటలతో చెప్పుకుంటారో, సిగ్గుపడకుండా, మీరు విన్నది విన్నట్లుగా ఈ కింద రాయండి. ఏ జిల్లా మాటో కూడా రాస్తే సంతోషం.